తిరుగునది యేది? నిలుచునది యేది?

కుమ్మరి సారెను గమనించిన వారికి ఒక విషయము తేటపడును. సారె మీది మట్టిముద్ద గిరగిర తిరుగుచుండును; కుమ్మరి చేయి మాత్రము నిలుకడగా నుండును. ఆ నిలుకడ గల చేతి యొత్తిడికి తిరుగుచున్న మట్టి లొంగి, కడవగనో మూకుడుగనో రూపు దాల్చును. వడ్రంగి బరమాతో పలకకు బెజ్జము వేయు పని యిందుకు విపరీతము. అచట పలక కదలదు; బరమా తిరుగును. మొదటి పనిలో వస్తువు తిరుగును, పనిముట్టు నిలుచును. రెండవ పనిలో పనిముట్టు తిరుగును, వస్తువు నిలుచును.

లోహమును కోసి రూపు దిద్దు యంత్రములలో ముఖ్యమైనవి రెండు. వానికిని ఇదియే భేదము. లేతు యంత్రము కుమ్మరి సారె వంటిది. అందులో ఇనుప కడ్డీ తిరుగును. కదలకుండ బిగించిన ఉలి దానిని చెక్కును. మిల్లింగు యంత్రము బరమా వంటిది. అందులో పండ్లు గల కోతపనిముట్టు తిరుగును. బల్ల మీద బిగించిన లోహము దాని క్రిందికి మెల్లగా జరుగును. గుండ్రని వస్తువులు చేయుటకు లేతు, చదునైన ముఖములును గాళ్లును చేయుటకు మిల్లింగు యంత్రము తగినవని సామాన్యముగా చెప్పుదురు. అయినను అవసరము వచ్చినపుడు మిల్లింగు యంత్రము చేతనే లేతు పని చేయించు ఉపాయము కలదు. ఆ ఉపాయమంతయు ఒక్క ప్రశ్న మీద ఆధారపడియున్నది: గుండ్రని కడ్డీని పట్టుట యెట్లు?

లేతు తెలుగువారికి క్రొత్తది కాదు. దానికి తరిమెన యను పాత పేరు నిఘంటువులలో కలదు. వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి లక్కబొమ్మలు చేయుట తరతరములుగా వచ్చుచున్న విద్య. తిరుగుచున్న బొమ్మకు లక్కకడ్డీని ఒత్తి పట్టిన, రాపిడి వేడిమికి లక్క కరగి కర్రకు రంగు పట్టును. 2017వ సంవత్సరములో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. పూర్వపు తరిమెనలలో ఒకరు త్రాడు లాగి కర్రను త్రిప్పుచుండగా, వేరొకరు ఉలిని చేత పట్టి చెక్కెడివారు. 1800 ప్రాంతమున ఆంగ్లేయుడగు హెన్రీ మాడ్‌స్లే ఉలిని మనుష్యుని చేతి నుండి తప్పించి, ఇనుప పీఠము మీద బిగించి, మరచుట్టుతో జరుపునట్టి లేతును నిర్మించెను. చేతివణుకు పనిలోనికి రాకుండుటచే ఇనుమును సూక్ష్మమైన కొలతకు చెక్కుట సాధ్యమయ్యెను.

మిల్లింగు యంత్రపు కథకు పత్తితో ఒక చిత్రమైన చుట్టరికము కలదు. అమెరికా దేశీయుడగు ఎలీ విట్నీ 1793లో పత్తి నుండి గింజను వేరు చేయు యంత్రమును కల్పించి, 1794లో దానికి పేటెంటు పొందెను. తరువాత అతడు కనెక్టికట్ రాష్ట్రములో తుపాకుల కర్మాగారమును నడపెను. మిల్లింగు యంత్రమును 1818 ప్రాంతమున అతడే మొదట కనిపెట్టెనని చాలకాలము గ్రంథములలో వ్రాయబడెను. అది యొక్కని సృష్టి కాదనియు, ఆ కాలపు తుపాకుల పనివారు పలువురు అందులో భాగస్వాములనియు తరువాతి పరిశోధకులు తేల్చిరి. ఏమైనను, పత్తిని ఒలుచు యంత్రమును, ఉక్కును కోయు యంత్రమును ఒకే కాలమున, ఒకే తరహా పనివారి చేతులలో పెరిగినవి. నిలువు కదురుతో, తలభాగము నటునిటు త్రిప్పుటకు వీలుగా నుండు మిల్లింగు యంత్రము అదే కనెక్టికట్ లోని బ్రిడ్జ్‌పోర్టు నగరమున 1938లో వెలసినది. నేడు చిన్న షెడ్లలో కనబడు నిలువు మిల్లింగు యంత్రములు పెక్కు ఆ నమూనా ననుసరించినవే.

పాత గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలు పత్తికిని మిరపకును పేరు పొందినవి. 2022లో జిల్లాలను మరల విభజించినపుడు ఈ నేలలలో కొంత భాగము పలనాడు, బాపట్ల జిల్లాలలో చేరినది. శీతకాలము వచ్చుసరికి చేలలో పత్తి పగిలి తెల్లగా విచ్చుకొనును. తీసిన పత్తి జిన్నింగు మిల్లులకు చేరును. నూరు కిలోల గింజపత్తిలో దూది ఇంచుమించు మూడవవంతు మాత్రమే, మిగిలినదంతయు గింజయే. ఈ రెంటిని వేరు చేయుటకు మన దేశపు మిల్లులలో విశేషముగా వాడునది జంట రూళ్ల జిన్ను. దీనికి మూలమైన పద్ధతిని 1840లో ఫోన్స్ మెకార్తీ యను నతడు అమెరికాలో కల్పించెను.

జిన్ను పనిలోను కదలునది, నిలుచునది అను భేదమే ప్రధానము. తోలు బిళ్లలు కూర్చిన రూళ్లు తిరుగుచు దూదిపోగులను పట్టి లాగును. ప్రతి రూలునకు ఆనించి బిగించిన స్థిరమైన కత్తి గింజను దాటనీయక అడ్డుపడును. రెండు రూళ్ల నడుమ నుండు కదలెడి కత్తి వడివడిగా ఊగుచు గింజను తట్టి విడిపించును. దూది ఒకవైపునకు పోవును, గింజ క్రిందికి రాలును. ఇట్లు క్షణక్షణము ఊగెడి కత్తికి ఊపు నందించు కీళ్లలో ఉక్కు చీలలు ఉండును. పనివారు వానిని పిన్నులందురు. అవి చిన్నవే యైనను, దినమంతయు దెబ్బలు తినునవి అవియే. అందుచే అరుగునవియు, ఒక్కొక్కప్పుడు విరుగునవియు అవియే.

పత్తి ముమ్మరముగా వచ్చు దినములలో అట్టి చీల యొకటి విరిగినదనుకొందము. జిన్ను ఆగును. ఆవరణలో గింజపత్తి కుప్పలు పెరుగును. ఆకాశమున మబ్బు పట్టినచో రైతు గుండె గుబగుబలాడును. ఏలయన, తడిసి మచ్చపడిన పత్తికి ధర తగ్గును. మిల్లు ప్రక్కనున్న షెడ్డులో లేతు ఒకటే యున్నది. దాని మీద పెద్ద ఇరుసు నొకదానిని బిగించి సగము పని చేసియున్నారు. దానిని విప్పిన ఇరుసు పని చెడును. ఏలయన, ఒకసారి విప్పిన వస్తువును మరల నదే కేంద్రమునకు చేర్చుట మిక్కిలి కష్టము. ప్రక్కనే మిల్లింగు యంత్రము ఖాళీగా నున్నది. కావలసినది 16 మిల్లీమీటర్ల కడ్డీ. దాని కొన 20 మిల్లీమీటర్ల పొడవున 12 మిల్లీమీటర్ల వ్యాసమునకు సన్నబడవలెను. ఇంతకు మించిన పని లేదు. దీనిని మిల్లింగు యంత్రము మీద చేయవచ్చునా?

చేయవచ్చును. యంత్రములో తిరుగునది కదురు. నిత్యము కోతపనిముట్టు ఉండు ఆ కదురులో కడ్డీని పట్టవలెను. నిత్యము లోహము ఉండు బల్ల మీది వైసులో లేతు ఉలిని బిగింపవలెను. అంతటితో తిరుగునది వస్తువు, నిలుచునది పనిముట్టు అగును. యంత్రము మారలేదు, పాత్రలు మాత్రము మారినవి. లేతును నిట్టనిలువుగా నిలబెట్టినట్లయినది.

ఇక పట్టు సంగతి. తొందరలో నున్న వానికి తోచు సులభోపాయము డ్రిల్లు చక్కు. అది చేతికి అందుబాటులో నుండును. కడ్డీని మూడు దవడలతో పట్టును. కాని దానిని వాడుట ప్రమాదము. బెజ్జము వేయునపుడు బలము నిట్టనిలువుగా పైకి ఒత్తును. కావున చక్కు తన స్థానమున మరింత బిగియును. కడ్డీని చెక్కునపుడు బలము ప్రక్కనుండి తగులును. చక్కునకును దాని కాడకును నడుమ నుండునది సాధారణముగా ఏటవాలు కూర్పు మాత్రమే. రాపిడియే దానిని పట్టి నిలుపును. ప్రక్కబలమును, అదురును కలిసినపుడు ఆ పట్టు సడలి, తిరుగుచున్న చక్కు కడ్డీతో కూడ ఊడి పడవచ్చును. వేగముగా తిరుగుచు ఊడిన ఉక్కు ఎవరి మీదికి పోవునో చెప్పజాలము. ఒక గంట కాలము కలిసివచ్చునని ఒక కన్నును పణముగా పెట్టరాదు.

తగిన సాధనము కొల్లెట్టు. ఇది నిలువు చీలికలు గల గట్టి ఉక్కు గొట్టము. దీని వెలుపలి భాగము ఏటవాలుగా నుండును. పైనుండి పొడవైన మరకడ్డీతో లాగినపుడు గాని, క్రింది నుండి మరబిళ్లతో ఒత్తినపుడు గాని ఇది ఏటవాలు రంధ్రములోనికి దిగి, అన్ని వైపుల నుండి ఒక్కసారిగా ముడుచుకొనును. దంచువారి వ్రేళ్లన్నియు ఒకేసారి రోకలిని చుట్టి పట్టినట్లు ఇది కడ్డీని చుట్టి పట్టును. అందుచే పట్టు గట్టిది. కడ్డీ నడిమి రేఖ కదురు నడిమి రేఖకు దాదాపు సరిపడును. కాని ప్రతి కొల్లెట్టునకు తన కొలత యున్నది. 16 మిల్లీమీటర్ల కడ్డీకి 16 మిల్లీమీటర్ల కొల్లెట్టునే వాడవలెను. పెద్దదానిలో సన్నని కడ్డీని బిగించిన, అది అంచుల వద్ద మాత్రమే పట్టును. కడ్డీని, కొల్లెట్టును, కదురు రంధ్రమును గుడ్డతో శుభ్రముగా తుడువవలెను. ఒక చిన్న ఇనుపపొట్టు నడుమ చిక్కినను కడ్డీ కొన ఊగుచు తిరుగును.

కడ్డీ ఎంత బయటికి ఉండవలెనను దానికి ఒక మేర కలదు. ఒక కొననే పట్టిన కడ్డీ చెక్కుడు బలమునకు వెదురుబద్ద వలె కొంచెము వంగును. కొనకు పోయిన కొలది వంగుట హెచ్చు. వంగినంత మేర ఉలికి తప్పించుకొనును. అందువలన కొన లావుగను, మొదలు సన్నముగను తేలును. కావున బయటి భాగము వ్యాసమునకు మూడింతలు మించకుండుట మంచిదని పనివారి నియమము. 16 మిల్లీమీటర్ల కడ్డీకి అది 48 మిల్లీమీటర్లగును. ఈ చీలకు 30 మిల్లీమీటర్లు చాలును. పొడవైన కడ్డీకి లేతులో రెండవ కొనను ఆనించు తోకపీఠము ఉండును. మిల్లింగు యంత్రపు కదురు క్రింద అట్టి ఆధారము సాధారణముగా లేదు. ఈ యుపాయము పొట్టి పనులకే తగినదనుటకు కారణమిదియే.

ఉలిని వైసులో అడ్డముగా పరుండబెట్టి, దాని మొన వైసు అంచును దాటి వెలుపలికి వచ్చునట్లు బిగింపవలెను. లేతులో ఉలి మొన కడ్డీ నడిమి ఎత్తునకు సరిగా నుండవలెనను నియమము ఇచట బల్లను ముందువెనుకలకు జరుపుటగా మారును. దీనిని పరీక్షించుటకు పాత పద్ధతి యొకటి కలదు. యంత్రము ఆగియుండగా పలుచని ఉక్కు కొలబద్దను ఉలి మొనకును కడ్డీకిని నడుమ మెత్తగా నొత్తి పట్టవలెను. కొలబద్ద ఉలికి సరిగా అడ్డముగా నిలిచిన మొన కేంద్రమునకు చేరినట్లు. ఒక ప్రక్కకు వాలినచో బల్లను కొంచెము జరిపి మరల చూడవలెను. సరిపడిన పిదప ముందువెనుకల కదలికకు తాళము బిగింపవలెను. ఉలి యొక్క కోతముఖము తిరుగుచు వచ్చు లోహమునకు ఎదురుగా నుండవలెను. పైనుండి చూచినపుడు కదురు గడియారపు ముళ్ల వలె కుడివైపునకు తిరుగును. కావున కడ్డీకి ఎడమవైపున నుండు ఉలి కోతముఖము పనివాని వైపు చూడవలెను. కోతయంచు పైకి, అనగా కొల్లెట్టు వైపు ఉండవలెను. ఏలయన కడ్డీ పైనుండి క్రిందికి దిగివచ్చును.

వేగమును లెక్క కట్టుట ఎనిమిదవ తరగతి గణితమునకు అందునదే. మామూలు వేగోక్కు ఉలితో ఈ చీలకు తగిన ఉక్కును కోయునపుడు, ఉలిని దాటిపోవు లోహపు వేగము నిమిషమునకు 25 మీటర్ల ప్రాంతమున నుండుట తగును. కడ్డీ ఒక చుట్టు తిరిగిన, దాని చుట్టుకొలత యంత లోహము ఉలిని దాటును. 16 మిల్లీమీటర్ల వ్యాసమునకు చుట్టుకొలత 3.14 × 16, అనగా సుమారు 50 మిల్లీమీటర్లు. 25 మీటర్లనగా 25,000 మిల్లీమీటర్లు. దానిని 50 చే భాగింప 500 వచ్చును. కావున నిమిషమునకు 500 చుట్లు తగిన వేగము.

లోతులో మరియొక లెక్క దాగియున్నది. ఉలి 1 మిల్లీమీటరు లోపలికి జరిగిన, కడ్డీ వ్యాసము 2 మిల్లీమీటర్లు తగ్గును. ఏలయన, తిరుగుచున్న కడ్డీ అన్ని వైపుల తరుగును. ఈ సంగతి మరచి చెడిపోయిన పనులకు లెక్క లేదు. వ్యాసము 16 నుండి 12కు దిగవలెనన్న ఉలి 2 మిల్లీమీటర్లు మాత్రమే జరుగవలెను. 0.25 మిల్లీమీటరు చొప్పున ఏడు కోతలు వేసిన ఉలి 1.75 జరిగి, వ్యాసము 12.5కు వచ్చును. తరువాత 0.15 జరిపిన 12.2 అగును. అపుడు యంత్రము నాపి, మైక్రోమీటరుతో కొలిచి, లెక్క సరియని నమ్మిన పిదపనే కడపటి 0.10 జరుపవలెను. ప్రతి కోతకును కదురు గొట్టమును చేతిచక్రముతో మెల్లగా క్రిందికి దింపి, మరల పైకెత్తవలెను. 20 మిల్లీమీటర్ల వద్ద ఆగునట్లు లోతు నిరోధకమును ముందుగనే బిగించిన, చీల భుజము ప్రతిసారి ఒకే చోట తేలును. బల్లను పైకెత్తుటకంటె కదురు గొట్టమును దింపుట మేలు. యంత్రపు తల ఒకింత వాలియున్నను, గొట్టము తన రేఖలోనే దిగును గావున కడ్డీ ఏటవాలుగా తెగదు.

ఇట్లు చెక్కిన భాగము కదురు నడిమి రేఖకు నిజమైన గుండ్రముగా తేలును. కడ్డీని విప్పకుండ చేసిన పనులన్నియు ఒకే కేంద్రము కలిగియుండును. విప్పి, తిరుగవేసి, రెండవ కొనను పట్టిన క్షణమున స్వల్పమైన తేడా ప్రవేశించును. అందుచే కొలత ముఖ్యమైన భాగములన్నిటిని ఒకే పట్టులో ముగింపవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు.

గుండ్రని కడ్డీని కదురులో గాక బల్ల మీదనే పట్టవలసిన పనులును కలవు. కప్పీ జారకుండ ఇరుసు మీద గాడి కోయుట అట్టిది. వైసు దవడలు చదునైనవి, కడ్డీ గుండ్రనిది. చదునైన రెండు ముఖముల నడుమ గుండ్రని వస్తువు రెండు గీతల వెంబడి మాత్రమే తాకును. ఎంత బిగించినను అది దొర్లుటకును, తల యెత్తుటకును వీలున్నది. నడుమ లోయ వంటి గాడి గల ఉక్కు దిమ్మెను ఒకవైపున చేర్చిన, కడ్డీ దిమ్మెను రెండు గీతల వెంబడి, ఎదుటి దవడను ఒక గీత వెంబడి, మొత్తము మూడు గీతల వెంబడి తాకును. మూడు రాళ్ల పొయ్యి మీద కుండ కదలక నిలిచినట్లు, మూడు గీతల నడుమ కడ్డీ నిలుచును.

యంత్రము త్రిప్పుటకు ముందు చేయవలసిన పనులు కొన్ని యున్నవి. కొల్లెట్టును బిగించిన పానాను వెంటనే తీసి ప్రక్కన పెట్టవలెను. మెడలోని తుండుగుడ్డను తీసివేయవలెను. చొక్కా చేతులను మోచేతి పైకి మడువవలెను. చేతులకు తొడుగులు వేసికొనరాదు. తిరుగుచున్న కడ్డీ తొడుగు కొనను పట్టిన, చేతిని కూడ లాగికొనును. కళ్లకు అద్దములు పెట్టుకొనవలెను. చుట్టలు చుట్టలుగా వచ్చు ఇనుపపొట్టును యంత్ర మాగిన పిదప కుంచెతో తీయవలెను గాని వ్రేళ్లతో తీయరాదు. కొలత కూడ యంత్రము పూర్తిగా నిలిచిన తరువాతనే. ఇవి పిరికితనపు నియమములు కావు. పది వ్రేళ్లతో పని నేర్చి, పది వ్రేళ్లతోనే వృద్ధుడగుటకు పనివారు పెట్టుకొనిన కట్టుబాట్లు.

ఈ యుపాయము లేతునకు బదులు కాదు. కొల్లెట్టులో పట్టని లావు కడ్డీలు, పొడవైన ఇరుసులు, మరచుట్లు కోయు పనులు లేతు మీద చేయవలసినవే. ఏ పని కేది చాలునో, ఏది చాలదో తెలియుటయే నేర్పు. పొట్టి చీల, సన్నని గొట్టము, బుష్ వంటివి అత్యవసరమున మిల్లింగు యంత్రము చక్కగా చేసి యిచ్చును.

చీల సిద్ధమైనది. దాని అంచుల మొనలను ఆకురాయితో మెత్తగా తీసి, నూనె పూసి, జిన్ను కీలులో అమర్చిరి. కత్తి ఊగెను, రూళ్లు తిరిగెను, దూది ఒకవైపునకు, గింజ ఒకవైపునకు పోసాగెను. ఆవరణలోని కుప్ప క్రమముగా తరుగసాగెను. మబ్బు ఇంకను ఆకాశముననే యున్నది.

కుమ్మరి సారె, వడ్రంగి బరమా, ఏటికొప్పాక తరిమెన, పలనాటి జిన్ను, పట్టణపు షెడ్డులోని మిల్లింగు యంత్రము, ఇవన్నియు వేరువేరు పేర్లు గలవి. వాని నడుమ నున్న సూత్రము ఒకటియే. ఒకటి తిరుగవలెను, ఒకటి నిలువవలెను. తిరుగుదాని పట్టు సడలరాదు, నిలుచుదాని స్థానము కదలరాదు. ఈ సూత్రము నెరిగిన పనివానికి ఒక యంత్రము లేకున్నను వేరొక యంత్రము తోడ్పడును. ఎరుగని వానికి షెడ్డు నిండ యంత్రము లున్నను చీల విరిగిన నాడు చేతులు కట్టుకొని కూర్చుండుటే గతి.